చేదూ, వగరూ

(కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ విద్యార్థులూ ఊరి పెద్దలూ కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నలభై నిమిషాలన్నారు. కెమిస్ట్రీ మేష్టారికి నలభై నిమిషాలంటే హాజరు వేసేసరికే సగం అయిపోతుంది. అందుకని సరాసరి బల్ల దగ్గరికే వచ్చేస్తాను.

ఈ బల్ల మీద తడిగుడ్డలో చుట్టిన రెండు కట్టలున్నాయి. రెండూ పొద్దున్నే పీక్కొచ్చినవే. ఒకటి మా కొబ్బరితోటలోది. రెండోది వచ్చే దారిలో పంటకాలువ గట్టు మీద దొరికింది. ఇందాక ముందు వరసలో పెద్దలకి చూపిస్తే రెండింటికీ "నేల ఉసిరి" అని ఒకటే పేరు చెప్పారు. పేరు మీద తగాదా ఇప్పుడే పెట్టుకోను. కట్టలు ఇక్కడే ఉంటాయి, చివర్లో విప్పుదాం.

నాకు తొమ్మిదో ఏట పచ్చకామెర్లొచ్చాయి. కళ్లు పసుపు, ఒంటేలు టీ డికాషన్ రంగు, అన్నం చూస్తే వాంతి. మా అమ్మ నన్ను పక్కూళ్లో ఒక మామ్మగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నేల ఉసిరి వేళ్లతో సహా పీకి, కడిగి, రోట్లో నూరి, పుల్లమజ్జిగలో కలిపి పరగడుపున పట్టించేది. మూడు రోజులు పసరు, ఆ తర్వాత చాన్నాళ్లు నూనె లేని పథ్యం. డబ్బులు పుచ్చుకునేది కాదు, పుచ్చుకుంటే మందు పనిచేయదట. నాకు తగ్గింది. దేనివల్ల తగ్గిందన్న మాట తర్వాత చూద్దాం, తగ్గడం మాత్రం తగ్గింది.

చాలా ఏళ్లకి నేను లెక్చరర్నయ్యాను. నలుగురు విద్యార్థుల్ని వెంటేసుకుని మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్లాను. అప్పటికి ఆవిడకి ఎనభై దాటాయి. మేం పీక్కెళ్లిన సంచి ఆవిడ ముందు కుమ్మరించాం. ఒక్కో మొక్కా తీసి, రెమ్మ వెనక్కి తిప్పి, కింద వరసగా ఉన్న కాయలు చూసి, రెండు కుప్పలు చేసింది. ఒక కుప్ప మా వైపు తోసేసి, "ఇది కాదు నాయనా. కాడ ఎర్రగా ఉంది. కాయ రెమ్మకి అంటుకుపోయి గరుగ్గా ఉంది, చూడు" అంది. రెండో కుప్పలోంచి ఒక రెమ్మ దూసి నోట్లో వేసుకుని నమిలి, కాసేపు కళ్లు మూసుకుని, ఉమ్మేసి, "ఆయ్, ఇది మంచిది. చేదు నిలబడింది" అంది.

నాకు తెలిసిన కెమిస్ట్రీలో సగం ఆ మాటలోనే ఉంది. మిగతా సగం ఆ మాటని నమ్మకపోవడంలో ఉంది.

ముందు ఆ రెండు కుప్పల సంగతి. ఆవిడ ఉంచుకున్నది ఫిలాంథస్ అమారస్. లాటిన్‌లో అమారస్ అంటే చేదు. తోసేసింది ఫిలాంథస్ యూరినేరియా. మొదటి దానికి కాయలు సన్నని కాడకి వేలాడుతూ నున్నగా ఉంటాయి. రెండో దాని కాయలు రెమ్మకి అంటుకుని గరుగ్గా ఉంటాయి. ఇవి కాక ఇంకా మూడు నాలుగు జాతులు మన చేలగట్ల మీదే కలిసి మొలుస్తాయి. మామ్మగారికి తెలిసిన తేడా చదువుకున్నవాళ్లకి తెలియక చాలాకాలం గందరగోళం నడిచింది. మన దేశంలో పాత పరిశోధనల్లో "ఫిలాంథస్ నిరూరి" అని రాసినవి చాలావరకు నిజానికి అమారస్‌వే. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. అంచేత పేపర్ చదివేటప్పుడు మొక్క పేరు చూసి ఆగిపోకండి. హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కలు భద్రపరిచే చోట, నమూనా దాచారా, దాన్ని వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు చూశారా అన్నది వెతకండి.

ఇక ఆ చేదు. దాన్ని మొదట బయటికి తీసింది ఎక్కడో జర్మనీలో కాదు, మన వాల్తేరులో. రసాయన శాస్త్రవేత్త టీ.ఆర్. శేషాద్రి గారు 1934 నుంచి 1949 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉన్నారు. 1946లో జీ.వీ. కృష్ణమూర్తి, శేషాద్రి ఇద్దరూ ఈ మొక్కలోని చేదు పదార్థాన్ని స్ఫటికాలుగా వేరు చేసినట్టు ప్రకటించారు. దాని పేరు ఫిలాంథిన్. దానితోపాటు ఉండే ఇంకో పదార్థం హైపోఫిలాంథిన్. వరసకి తోబుట్టువే అయినా దానికి చేదు లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1966లో, అదే విశ్వవిద్యాలయంలో ఎల్. రామచంద్రరావు గారి బృందం ఫిలాంథిన్ నిర్మాణాన్ని తేల్చింది. మొక్క మన చేలగట్ల మీదది, పని జరిగింది గోదావరి దాటి నాలుగు గంటల రైలు దూరంలో. ఇంత దగ్గరి సంగతి మన ఇంటర్ పుస్తకాల్లో ఎక్కడా కనపడదు, అదే నా బాధ.

అయితే ఎలా తీస్తారు? వంటింట్లోంచి మొదలుపెడతాను. పోపులో ఇంగువ నూనెలో వేస్తాం, నీళ్లలో వెయ్యం. వాసన నూనెలోకి దిగుతుంది కాబట్టి. చింతపండు నీళ్లలో నానేస్తాం, నూనెలో వేస్తే పులుపు దిగదు. పసుపు చెయ్యి నీళ్లతో కడిగితే వదలదు, కొబ్బరినూనె రాస్తే వదుల్తుంది. సాల్వెంటు అంటే ఇంతే. ఎండు ఆకు పొడిని ముందు పెట్రోలు జాతి హెక్సేన్‌లో, తర్వాత ఇథైల్ ఎసిటేట్‌లో, తర్వాత మిథనాల్‌లో, చివర నీళ్లలో నానబెడితే, నూనె గుణం ఉన్నవి ముందూ నీటి గుణం ఉన్నవి వెనకా దిగుతాయి. ఇందుకు వాడే సాక్స్‌లెట్ పరికరం 1879 నాటిది. దాన్ని మొదట పాలలో వెన్న ఎంతుందో కొలవడానికి తయారుచేశారు. కింద సాల్వెంటు మరుగుతుంది, ఆవిరి పైకెళ్లి చల్లబడి పొడి మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది, నిండాక ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. రాత్రంతా ఇదే పని.

రాత్రంతా అనడం తేలిక. నేను పనిచేసిన కాలేజీలో ట్యాంకులో నీళ్లు అర్ధరాత్రి అయిపోయేవి. ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌కి నీళ్లు ఆగితే హెక్సేన్ చల్లబడదు, గదిలోకి పోతుంది. ఒకసారి పొద్దున్నే తలుపు తీస్తే పెట్రోలు బంకులో నిలబడ్డట్టుంది. ఫ్లాస్కు అడుగున నల్లటి మాడు. మీటరు దగ్గర చిన్న నిప్పురవ్వ లేచినా నేను ఇవాళ ఇక్కడ ఉండేవాణ్ని కాదు. కుర్రాళ్లూ, ఏ సాల్వెంటుతో పనిచేసినా ముందు కిటికీలు చూసుకోండి.

ఎండబెట్టడం గురించి కూడా చెప్పాలి. మొదట్లో మేం తొందరపడి డాబా మీద మండుటెండలో పరిచేవాళ్లం. ఆకు గోధుమరంగుకి తిరిగిపోయేది. నీడలో, గాలి ఆడేచోట, రోజుకి రెండుసార్లు తిరగేస్తూ ఆరబెట్టాలి. పచ్చి ఆకు కేజీ పెడితే పావుకేజీ కూడా మిగలదు. అందులో ఫిలాంథిన్ సాధారణంగా ఒక శాతం కంటే తక్కువే. బస్తాడు ఆకు మోసుకొస్తే చివరికి చేతిలో చిటికెడు తెల్లపొడి. దొరికితే!

వచ్చిన సారాన్ని ఇంకించితే ముదురు ఆకుపచ్చ జిగురు మిగులుతుంది. తారులా ఉంటుంది. క్లోరోఫిల్, మైనం, కొవ్వు అన్నీ అందులోనే. దాన్నుంచి ఒక్కో పదార్థాన్ని విడదీయడానికి క్రొమటోగ్రఫీ. దీన్ని కనిపెట్టిన మిఖాయిల్ స్వేత్ రష్యావాడు, 1903లో వార్సాలో దీని గురించి మొదట ప్రసంగించాడు. ఆయన చేసిందల్లా గాజు గొట్టంలో సుద్దపొడి కూరి, పైనుంచి ఆకు సారం పోయడం. ఆకుపచ్చ ఒక పట్టీగా, పసుపు ఇంకో పట్టీగా విడిపోయాయి. స్వేత్ అంటే రష్యన్‌లో రంగు అనే అర్థం. ఇంటిపేరుకి తగ్గ పని చేశాడు. చిన్నప్పుడు మీరు సుద్దముక్క మీద సిరా చుక్క వేసి నీళ్లలో నిలబెట్టి ఉంటారు, అదే ఇది.

సుద్దపొడి పోయి ఇప్పుడు సిలికా వచ్చింది. చిన్న సిలికా పలక మీద చుక్క పెట్టి, సాల్వెంటులో నిలబెట్టి, వెనిలిన్ కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడి చేస్తే మచ్చలు రంగు తేలతాయి. దాన్నిబట్టి పెద్ద గొట్టం నడపాలి. కింద టెస్ట్ ట్యూబులు పెట్టి, నంబర్లు వేసి, ఒక్కోదాన్నీ మళ్లీ పలక మీద చూడాలి. ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. రథోత్సవంలో అన్నదమ్ముల్లాగా ఒకళ్ల చెయ్యి ఒకళ్లు వదలరు. మా మొదటి గొట్టంలో డెబ్బైకి పైగా ట్యూబులు పడితే, ఒక్క పదార్థమే ఉన్నవి నాలుగు. ఓపిక లేనివాళ్లు ఈ చోటే మానేస్తారు. నేనూ ఒకసారి మానేశాను.

స్ఫటికం వచ్చాక అది ఏమిటో తేల్చాలి. ఫిలాంథిన్‌లో 24 కార్బన్లు, 34 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు ఉంటాయి. అణుభారం 418. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రంలో 418 రావాల్సిన చోట 441 కనపడితే కంగారు పడకండి. 23 ఎక్కువ. సోడియం అంటుకుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లం, మనకి ఉప్పు కొత్తేమిటి? నిజానికి ఏ ల్యాబ్‌లో అయినా, ఎంత లోపలి ఊళ్లో ఉన్నా, సోడియం అంటుకుంటూనే ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది కార్బన్ ఎన్‌ఎంఆర్, అణువులో ఎన్ని రకాల కార్బన్లున్నాయో అయస్కాంతంతో చూసే పద్ధతి. ఒక్కో రకం కార్బన్‌కీ ఒక్కో గీత వస్తుంది. 24 కార్బన్లుంటే 24 గీతలు రావాలి కదా? ఫిలాంథిన్‌కి పన్నెండే వస్తాయి. మొదటిసారి చూసిన కుర్రాడు సగం పదార్థం ఎక్కడ పోయిందని గాభరా పడతాడు. ఎక్కడికీ పోలేదు. ఈ అణువు రెండు సగాలూ అచ్చంగా ఒకటే. చుక్కల ముగ్గులో ఒక సగం వేసి, దాన్నే తిప్పి రెండో సగం వేసినట్టు. ఇటు కార్బన్‌కీ అటు కార్బన్‌కీ మిషను తేడా చూడలేదు, రెండూ ఒకే గీతలో పడతాయి. 1946లో కృష్ణమూర్తి, శేషాద్రి గార్ల దగ్గర ఈ మిషను లేదు. పదార్థాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల్ని బట్టి మొత్తాన్ని ఊహించడమే దారి.

ఇప్పుడు అసలు చిక్కు. ఫిలాంథిన్‌లో ఆరు ఆక్సిజన్లున్నాయన్నాను. ఆరూ మిథాక్సీ సమూహాల్లోనే, అంటే ఒక కార్బన్ మూత పెట్టినట్టుగా, ఉన్నాయి. నీటితో చెయ్యి కలపడానికి ఒక్క హైడ్రాక్సిల్, అంటే హైడ్రోజన్ తగిలించుకున్న ఆక్సిజన్, కూడా లేదు. అంటే నీళ్లలో బొత్తిగా కరగదు. ఇంగువ జాతి, చింతపండు జాతి కాదు. మరి మామ్మగారు పట్టింది పుల్లమజ్జిగలో పసరు కదా! వెన్న తీసిన మజ్జిగలోకి ఫిలాంథిన్ ఎంత దిగి ఉంటుంది? నలిగిన ఆకు పిప్పితో కొంత పొట్టలోకి వెళ్లొచ్చు, అంతే. ఆ మజ్జిగలోకి బాగా దిగేవి వేరే ఉన్నాయి. జెరానియిన్, కోరిలాజిన్ లాంటి టానిన్లు. అవి వగరు జాతి.

అంటే నాలుక చూసింది చేదుని, గ్లాసులోకి దిగింది వగరుని.

దీనికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మామ్మగారి నాలుక మందు ఎంతుందో కొలవడం లేదు, మొక్క సరైనదో కాదో చూస్తోంది. చేదు అక్కడ గుర్తు. మందులోపలి పని ఆ చేదుదే అనుకోనక్కర్లేదు. ఇవాళ మూలికా కంపెనీలు చేసేదీ ఇదే. హెచ్‌పీఎల్‌సీ అనే క్రొమటోగ్రఫీ మిషన్లో 230 నానోమీటర్ల కాంతి దగ్గర ఫిలాంథిన్ ఎంతుందో కొలిచి డబ్బా మీద శాతం వేస్తారు. అది గుర్తింపు కార్డు లాంటిది. కొనుక్కునేవాళ్లు దాన్ని మందు బలం అనుకుంటారు. ఈ రెండూ వేరని చెప్పే డబ్బా నాకింతవరకు కనపడలేదు.

అలాగని ఫిలాంథిన్ ఉత్తదని అనడం లేదు. 1985లో ఎలుక కాలేయ కణాల మీద చేసిన పనిలో, కార్బన్ టెట్రాక్లోరైడ్ విషం నుంచి ఈ రెండు పదార్థాలూ కణాల్ని కొంత కాపాడాయి. గాజు గొట్టంలో వైరస్ ఎంజైముల్ని అడ్డుకున్నవాటిలో టానిన్లూ ఉన్నాయి. గాజు గొట్టానికీ మనిషికీ మధ్య పొట్ట ఉంది, పేగులున్నాయి, కాలేయం ఉంది. 1988లో మద్రాసులో ఎస్.పి. త్యాగరాజన్ బృందం హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో నిలిచిపోయినవాళ్లకి ఈ ఆకు పొడి నెలరోజులు ఇచ్చి లాన్సెట్ అనే వైద్యపత్రికలో రాశారు. పొడి తిన్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది. ఉత్త గుళికలు తిన్న 23 మందిలో ఒక్కరికి పోయింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. తర్వాత వేరేచోట్ల చేసిన ట్రయల్స్‌లో ఆ ఫలితం రాలేదు. మొక్క మారిందా, నేల మారిందా, కోసిన కాలం మారిందా, లేక మొదటి ఫలితమే అదృష్టమా? చర్చ చాలాకాలం నడిచింది. నా మటుకు నాకు, నమ్మకంగా ఇవ్వగల మందు అని చెప్పడానికి సరిపడా ఆధారం లేదు.

మరి నాకెలా తగ్గింది? పిల్లలకి వచ్చే కామెర్లలో ఎక్కువభాగం నీళ్లవల్ల వచ్చే హెపటైటిస్-ఎ. అది చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నేను పసరు తాగకపోయినా తగ్గేదేమో. ఈ మాట మా అమ్మతో అంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ చెప్పాలి. కామెర్లు కనపడితే ముందు రక్తపరీక్ష చేయించండి. బి, సి రకాలుంటాయి, పిత్తనాళంలో రాయి ఉంటుంది, పెద్దవాళ్లలో క్యాన్సర్ కూడా ఉండొచ్చు. పసరు తాగుతూ నెలలు గడిపి చివరికి ఆస్పత్రికి చేరినవాళ్లని మన ఊళ్లలో నేను చూశాను.

పాత మాటని జాగ్రత్తగా వినడం వల్ల ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి చైనా కథ ఒక్కటి చాలు. మలేరియాకి చింగ్‌హావ్ మొక్కని తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం కాచి చూస్తే సరైన ఫలితం రాలేదు. నాలుగో శతాబ్దపు గ్రంథంలో ఆ మొక్కని నీళ్లలో నానబెట్టి, పిండి రసం తాగమని ఉంది. కాచమని లేదు. వేడికి పోతోందేమోనని ఆవిడ 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో తీశారు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ 1972లో చేతికొచ్చింది, 2015లో నోబెల్ వచ్చింది. మన పసరు కూడా పిండేదే, కషాయం కాదు. మా విద్యార్థులు సాక్స్‌లెట్‌లో ఆకుని రాత్రంతా ఉడకబెడుతుంటే నాకు ఈ కథే గుర్తొచ్చేది.

మందులన్నీ మొక్కల్లోంచే రావాలన్న పట్టుదల కూడా వద్దు. సర్పగంధ వేరులోంచి రిజర్పిన్ 1952లో వచ్చింది, రక్తపోటు వైద్యంలో కొత్త దారి తెరిచింది. అడ్డసరం ఆకులోని వాసిసిన్‌ని చూసి చేసిన బ్రోమ్‌హెక్సిన్ మీ ఇంట్లో దగ్గు సిరప్‌లో ఉండే ఉంటుంది. అయితే మన డెల్టాని పీడించిన బోదకాలుకి మాత్ర ఏ ఆకులోంచీ రాలేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన బృందం ల్యాబ్‌లో తయారుచేసింది. ఆయన కూడా అంతకుముందు మద్రాసులో ఆయుర్వేద కాలేజీలో పాఠం చెప్పినవాడే.

కుర్రాళ్లకి రెండు హెచ్చరికలు చెప్పి ముగిస్తాను. మొదటిది డీపీపీహెచ్ పరీక్ష. ఊదారంగు ద్రావణంలో ఆకు సారం పోస్తే పసుపుకి తిరుగుతుంది, యాంటీఆక్సిడెంట్ దొరికిందని పేపర్ రాసేస్తారు. మన క్యాంటీన్ టీ పోసినా తిరుగుతుంది. ఆ పరీక్ష చెప్పేది చాలా తక్కువ.

రెండోది నా సొంత పరువుకి సంబంధించింది. మా దగ్గర ప్రాజెక్టు చేసిన ఒకమ్మాయి ఆకు సారంలోంచి కొత్త పదార్థం తీసింది. పలక మీద ఒకటే మచ్చ, చక్కగా ఉంది. మాస్‌లో 391, దాంతోపాటు 149. రెండు నెలలు మేం పొంగిపోయాం. చివరికి బయట ల్యాబ్‌లో ఒకాయన ఫోన్ చేసి, "మేష్టారూ, మీరు హెక్సేన్ దేంట్లో పోస్తున్నారు?" అన్నాడు. ప్లాస్టిక్ సీసాలో. ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే థాలేట్ అది, హెక్సేన్ దాన్ని కడిగి తెచ్చి మా చేతిలో పెట్టింది. ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం తినలేదు. నేనూ తినలేదు గానీ పైకి చెప్పలేదు. ఇప్పటికీ జీసీ-ఎంఎస్ మిషను ఇచ్చే పట్టికల్లో థాలేట్లని "మొక్కలోని ఔషధ పదార్థాలు"గా చూపించే పేపర్లు వస్తూనే ఉన్నాయి. మిషను అబద్ధం చెప్పలేదు. మేం పోసిందే అది చూపించింది. పొరపాటు సీసా దగ్గర జరిగింది, కొన్నిసార్లు ఇంకా ముందే, గట్టు దగ్గరే జరుగుతుంది.

గట్టంటే గుర్తొచ్చింది, మన కట్టలు విప్పుదాం. ముందు వరసలో అమ్మాయిలు ఇద్దరు రండి. రెమ్మ వెనక్కి తిప్పి కాయలు చూడండి. ఆ, కొబ్బరితోటది నున్నగా, చిన్న కాడకి వేలాడుతున్నాయి కదా? రెండోది చేత్తో తాకి చూడండి, గరుగ్గా ఉందా? కాడ రంగు కూడా చెప్పండి, వెనకవాళ్లకి వినపడేలా.

నాలుకతో చూడాలని ఉందా? కొబ్బరితోటది ఒక ఆకు నమలండి, చేదు నిలబడుతుందో లేదో చెప్పండి. కాలువ గట్టుది మాత్రం నోట్లో పెట్టకండి. మొన్న బుధవారం ఆ గట్టు మీద గడ్డిమందు కొట్టారట, ఇక్కడికి వచ్చాకే ఎవరో చెప్పారు. వెళ్లేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కోండి.